పిల్లల భాష టీచర్‌కు ఎవరు నేర్పాలి?

ఒకటో తరగతి బోర్డు మీద టీచర్ రెండు మాటలు రాశారు: మెడ, మేడ. పిల్లలు వరసగా లేచి చదువుతున్నారు. ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన కుటుంబంలోని పాప వంతు వచ్చింది. రెండు మాటలనూ ఒకేలా పలికింది. "మళ్ళీ చెప్పు" అన్నారు టీచర్. మళ్ళీ అలాగే పలికింది. మూడోసారికి తరగతంతా నవ్వింది. నాలుగోసారి ఆ పాప నోరు విప్పలేదు. బట్టీల దగ్గరి ఏ ఊరి బడిలోనైనా కనిపించే దృశ్యమే ఇది.

ఆ పాపకు వినికిడి లోపం లేదు, తెలివి తక్కువా లేదు. ఒడియాలో ఎ, ఏ అనే తేడా లేదు. ఒ, ఓ తేడా కూడా లేదు. హిందీలోనూ అంతే. తన భాషలో పని లేని తేడాను చెవి చిన్నప్పుడే పట్టించుకోవడం మానేస్తుంది. ఇంగ్లీషులో వి, డబ్ల్యూ అక్షరాల పలుకుల్లో తేడా ఉందని తెలుగువాళ్ళలో ఎంతమందికి చెవితో తెలుస్తుంది? తెలియకపోతే ఎవరూ వాళ్ళను మొద్దులనరు. పాప పరిస్థితీ అదే. కాకపోతే ఆమె వయసు ఆరేళ్ళు, చుట్టూ నలభై మంది నవ్వుతున్నారు.

టీచర్‌కు ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే పాఠం వేరేలా నడిచేది. మెడ అంటూ మెడ మీద చెయ్యి వేసి, మేడ అంటూ సాగదీసి పలికి బొమ్మ చూపించేవారు. నెల, నేల, కొన, కోన లాంటి జంటలు ఇంకొన్ని పోగేసి, ముందు చెవికి అలవాటు చేసి, పలకమనడం తర్వాత చూసేవారు. దానికి ఆ టీచర్‌కు ఒడియా రానక్కర్లేదు. భాషలు ఎలా పనిచేస్తాయో, ఒక భాష నుంచి ఇంకో భాషలోకి వచ్చే పిల్లలు ఎక్కడెక్కడ తట్టుకుంటారో తెలిస్తే చాలు. ట్రైనింగ్‌లో నేర్పాల్సిందీ, ఇప్పుడు దాదాపుగా నేర్పనిదీ ఇదే.

ప్రాథమిక తరగతుల టీచర్ల కోర్సు డీఈఎల్‌ఈడీ రెండేళ్ళు. బీఈడీ కూడా 2015 నుంచి రెండేళ్ళే. తెలుగు బోధన, గణితం బోధన, లెసన్ ప్లాన్, టీఎల్‌ఎం (బోధన సామగ్రి), మైక్రో టీచింగ్ (చిన్న పాఠంతో బోధన సాధన) అన్నీ ఉంటాయి. వీటన్నిటి వెనకా ఒక ఊహ ఉంది: తరగతిలో కూర్చున్న పిల్లలందరికీ టీచర్ మాట అర్థమవుతుంది, అర్థం కానిది పాఠం మాత్రమే. రెండేళ్ళ బీఈడీలో "లాంగ్వేజ్ అక్రాస్ ద కరిక్యులమ్" అనే పేపర్‌కు చోటు దొరికింది. మంచి ఆలోచన. భాష తెలుగు టీచర్ ఒక్కరి బాధ్యతే కాదు, సైన్స్ చెప్పేవాళ్ళదీ లెక్కలు చెప్పేవాళ్ళదీ అని చెప్పడానికే అది వచ్చింది. కానీ నోట్సు రాసుకుని పరీక్ష రాసేసే పేపర్‌గా చదివితే అది తరగతి దాకా రాదు. కేంద్రం పెట్టే టీచర్ అర్హత పరీక్ష సీటెట్ సిలబస్‌లోనూ భిన్నత్వం ఉన్న తరగతిలో భాషా బోధన సవాళ్ళు అనే అంశం ఉంది. దాని వెంటనే, అదే వరసలో, భాషాపరమైన ఇబ్బందులు, తప్పులు, లోపాలు అని ఉంటుంది. వేరే భాష మాట్లాడే పిల్లలను, మాట్లాడటంలో వైద్యపరమైన ఇబ్బంది ఉన్న పిల్లలను ఒకే గాటన కట్టే అలవాటు ఇలాంటి చోట్లే మొదలవుతుంది. "తరగతిలో బహుభాషత ఒక వనరు" అనే ఆప్షన్‌కు టిక్కు పెట్టడం ఏ అభ్యర్థికైనా వచ్చు. ఆ వనరును సోమవారం పొద్దున రెండో పీరియడ్‌లో ఎలా వాడాలో మాత్రం ఎవరూ చూపించరు.

చట్టాల సంగతి చెప్పాలంటే కొరత లేదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేరింది. 2009 విద్యాహక్కు చట్టం "వీలైనంత వరకు" మాతృభాషలో చెప్పమంది. 2020 జాతీయ విద్యావిధానం వీలైన చోటల్లా కనీసం 5వ తరగతి దాకా, కుదిరితే 8 దాకా ఇంటి భాషలో అంది. 2011 జనాభా లెక్కల్లో పది వేలకు పైగా మాట్లాడేవాళ్ళున్న భాషలు 121 తేలాయి. వాటిలో ఎనిమిదో షెడ్యూలులో ఉన్నవి 22. మిగతా 99 భాషల పిల్లలకు ఆ "వీలు" కల్పించాల్సింది చివరికి తరగతిలో నిలబడే మనిషే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అన్ని భాషల తరగతులూ ఒకలాంటివి కావు. ఏజెన్సీలో ఒక గూడెం బడికి వెళ్తే పిల్లలంతా కోయ పిల్లలే. వాళ్ళకు ఒకటే భాష, టీచర్‌కు వేరే భాష. అక్కడ టీచర్ ఆ భాష నేర్చుకోవాల్సిందే. ముప్పై మంది ఒకే మాట మాట్లాడుతుంటే, ఆ మాట రాని ఒక్కరు మారడం న్యాయం, సులువు కూడా. హైదరాబాద్ బస్తీ బడికి వెళ్తే ఒకే బెంచీ మీద ఉర్దూ, తెలుగు, లంబాడీ, బీహార్ నుంచి వచ్చిన పిల్లల హిందీ కలిసి కూర్చుంటాయి. అక్కడ అన్నీ నేర్చుకోమనడం అర్థం లేని మాట. ఆ టీచర్‌కు కావలసింది పిల్లల మాటలోంచే వాళ్ళ ఇంటి భాష నియమాన్ని పట్టుకోగల నేర్పు. ఈ రెండూ వేర్వేరు శిక్షణలు. రెండింటికీ కలిపి ఒకే మాడ్యూల్, ఒకే పీపీటీ చేసి వేసవి శిక్షణలో చూపిస్తే ఎవరికీ ఉపయోగపడదు. మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది అదే.

ఆ నేర్పు ఎలాంటిదో ఒక వాక్యంతో చూద్దాం. గోండి పిల్లవాడు తెలుగులో "ఆడోళ్ళు వచ్చాయి" అంటాడు. టీచర్‌కు చిర్రెత్తుతుంది. మనుషులను పట్టుకుని "వచ్చాయి" అంటావేంటి, అవేమైనా గొడ్లా? ఎర్ర ఇంకుతో కొట్టేస్తారు. కానీ తెలుగు ఏం చేస్తుందో ఒకసారి చూడండి. ఏకవచనంలో "ఆమె వచ్చింది", "ఆవు వచ్చింది". ఆడమనిషికీ ఆవుకూ ఒకే క్రియ. బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్ళు మగవాళ్ళ వైపు చేరి "వచ్చారు" అవుతారు. గోండిలో ఆ మార్పు లేదు. మగవాళ్ళు ఒక వైపు, మిగతావన్నీ ఇంకో వైపు. ఒక్కరైనా పదిమందైనా అదే పద్ధతి. కొలామీ, కువి, కొండ అనే భాషలదీ ఇదే దారి. ఆ పిల్లవాడు ఆడవాళ్ళను అవమానించలేదు. తన భాష వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు, అంతే. తెలుగు సగం దారిలో పక్కకు తిరుగుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. బస్తీ బడిలో హిందీ పిల్లవాడు "మనం", "మేము" కలిపేస్తాడు. కారణం, హిందీలో రెండింటికీ "హమ్" ఒక్కటే. ఎర్ర ఇంకు గీతకు ఇవన్నీ ఒకే రకం తప్పులు. నియమం తెలిసిన టీచర్‌కు ఒక్కోటి ఒక్కో పాఠం.

మాటల దగ్గరా ఇదే కథ. గోండిలో నీళ్ళను ఏర్ అంటారు, కొండ భాషలో ఏరు. పిల్ల "ఏరు" అంటే, తెలుగు టీచర్ వాగు గురించి చెబుతోందనుకుంటారు. దాహమేస్తున్న పిల్ల దాహంతోనే కూర్చుంటుంది. అదే మాట రెండు భాషల మధ్య చుట్టరికమని తెలిస్తే మంచి పాఠం మొదలవుతుంది. "అ అంటే అమ్మ" అనే మొట్టమొదటి పాఠమే లంబాడీ పిల్లకు అందదు. ఆమెకు అమ్మ యాడి. బొమ్మ చూసి "యాడి" అని గట్టిగా, సంతోషంగా అంటుంది. కాదు, అమ్మ అను అంటారు. బడిలో ఆమె చెప్పిన మొదటి జవాబే తప్పయిపోయింది.

లెక్కల సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. సీతంపేట వైపు కొండల్లో మాట్లాడే సవర, తెలుగుకు దూరపు చుట్టం కూడా కాదు. ముండా కుటుంబానికి చెందిన భాష. సవరలో సంప్రదాయ లెక్క పన్నెండు మీదా ఇరవై మీదా నడుస్తుంది. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభై మూడు చెప్పాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ఇంట్లో తాత దగ్గర ఈ లెక్క విన్న పిల్లవాడికి బడిలో పదులు, ఒకట్ల గళ్ళు గీసి 13 అంటే ఒక పది, మూడు ఒకట్లు అని చెబుతారు. అతను తికమక పడితే లెక్కలు రావంటారు. నిజానికి నాలుగు ఇరవైలు కట్టి వాటికి పన్నెండు కలపగలిగే పిల్లవాడికి గుణకారం, కూడిక కలిపి చేసే చురుకు ఇంట్లోనే వచ్చింది. అదే గింజలను ఒకసారి పన్నెండుగా, ఒకసారి పదిగా కుప్పలు పోయిస్తే స్థాన విలువ పాఠం అరగంటలో అర్థమవుతుంది. మైదానంలో పిల్లలకు కూడా అది మంచి పాఠమే.

ఇదంతా ఎవరూ చెయ్యని పని కాదు. పర్లాకిమిడిలో బడి పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పక్క కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు తయారు చేశారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు, 1931లో ఇంగ్లీషులో సవర భాషా వ్యాకరణం అచ్చయింది. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే ఆయన్ను ఆగస్టు 29న గుర్తు చేసుకుంటాం. సవర పని ఎక్కడో పక్కన ఒక వాక్యంగా ఉండిపోతుంది. రెండూ ఒకటే పని అనుకోవడం సబబు. పిల్లవాడి నోట్లో ఉన్న మాటతో చదువు మొదలుపెట్టాలనేదే రెండు చోట్లా ఆయన పట్టుదల. ఆ మాటకొస్తే తెలుగు పిల్లల మధ్యా ఈ తేడా ఉంది. "గిట్లెందుకు చేసినవ్" అన్న పిల్లను పుస్తకం తెలుగులో చెప్పమని సరిదిద్దినప్పుడు జరిగేది కూడా యాడి అన్న పిల్లకు జరిగిందే.

ఇంకో ఉదాహరణ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని గోండు గూడెం మార్లవాయి. కొమురం భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి చూడమని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1940లలో మార్లవాయి కేంద్రంగా గోండు విద్యా పథకం మొదలైంది. అక్కడ మొదట కట్టింది పిల్లల బడి కాదు, టీచర్ల శిక్షణ. అంతో ఇంతో చదువు తెలిసిన గోండు యువకులను చేరదీసి వాళ్ళకు చదువు చెప్పి టీచర్లను చేశారు. గోండిలో వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. బయటి టీచర్‌కు గోండి నేర్పడం కన్నా గోండి వచ్చిన మనిషికి టీచర్ పని నేర్పడం త్వరగా అవుతుందనే లెక్క అది. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా ఆ లెక్క తప్పలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఈ ఆలోచన మళ్ళీ బతికింది. గోండి, కోయ, కొలామీ, లంబాడీ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య కార్యక్రమం మొదలుపెట్టారు. తెలుగు లిపిలోనే వాచకాలు తయారు చేశారు. ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి, ఆ తర్వాత ఇంగ్లీషులోకి తీసుకెళ్ళాలనేది పద్ధతి. దేశంలో ఇలాంటి పని ముందుగా చేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. ఒడిశా ఆ తర్వాత మొదలుపెట్టినా 2014లో దాన్ని రాష్ట్ర విధానంగా ప్రకటించింది, భాషల సంఖ్యను 21కి పెంచింది. పుస్తకాలు వేయడం ఒక ఎత్తు. ఆ పుస్తకం పట్టుకుని పిల్లల భాషలో చెప్పగల మనిషి ఆ బడిలో ఉండటం ఇంకో ఎత్తు. ఆ మనిషి బదిలీ అయితే పుస్తకాలు బీరువాలోకి పోతాయి.

టీచర్‌ను ఏ బడిలో వేస్తారనేది నియామకాల సమస్య, శిక్షణ సమస్య కాదని అనిపించవచ్చు. కానీ రెండూ విడదీయలేం. 2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. తీర్పు మంచీచెడ్డా ఎలా ఉన్నా, ఏజెన్సీ బడికి ఆ భాష రాని టీచర్ వచ్చే అవకాశం ఇప్పుడు పెరిగింది. జీవో ఉన్న రోజుల్లో కూడా గిరిజన టీచర్ అయితే చాలు అనుకోవడం తప్పే. లంబాడీ టీచర్‌కు కోయ భాష మన అందరికీ ఎంత కొత్తో అంతే కొత్త. ఒకటి రాజస్థానీకి దగ్గర, ఇంకోటి ద్రావిడ భాష. పోస్టింగ్ ఇచ్చేటప్పుడు రోస్టర్, ర్యాంకు చూసినట్టే భాష కూడా చూడాలి. రాని భాష ఉన్న చోటికి పంపాల్సి వస్తే నేర్చుకోవడానికి సమయం, డబ్బు, గురువు చూపించి పంపాలి. సివిల్ సర్వీసు అధికారికి కేటాయించిన రాష్ట్రం భాష నేర్పించి పరీక్ష పెడతారు. రోజుకు ఆరు గంటలు పసిపిల్లలతో మాట్లాడాల్సిన మనిషికి ఆ ఏర్పాటు లేదు.

శిక్షణ లేకపోతే జరిగే నష్టాల్లో పైకి కనిపించనిది ఒకటుంది. కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ 1979లో ఒక తేడా చెప్పారు. ఆటల్లో, అంగట్లో మాట్లాడే భాష పిల్లలకు రెండేళ్ళలో పట్టుబడుతుంది. పాఠం అర్థం చేసుకుని రాయడానికి కావలసిన భాషకు ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. రెండో తరగతికి వచ్చేసరికి కోయ పిల్ల టీచర్‌తో తెలుగులో గలగలా మాట్లాడుతుంది. "తెలుగు వచ్చేసింది" అనుకుని సాయం ఆపేస్తారు. నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానంలో "బాష్పీభవనం", "నివాసం", "ఆధారపడటం" లాంటి మాటల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు శ్రద్ధ లేదంటారు. ఈ మధ్య ఇంగ్లీషు మీడియం వచ్చి పని ఇంకా బరువైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తెలుగు పిల్లకు ఆ ఏర్పాటు నిజంగా మేలు. కోయ పిల్లకు రెండు పేజీలూ పరాయివే. ఆమెకు కావలసిన మూడో పేజీ టీచర్ నోట్లో ఉండాలి.

2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చాయి. ఇలా చేరిన వాళ్ళలో చాలామంది ఇంకో ముప్పై ఏళ్ళు తరగతిలో ఉంటారు. వాళ్ళకు ఇవ్వగలిగింది ఏమిటంటే, మొదటిది పరిచయం. చేరిన మొదటి వారంలోనే ఎవరింట్లో ఏ భాష మాట్లాడతారో రాసుకోవడం. అడ్మిషన్ రిజిస్టర్‌లో మాతృభాష గడి చాలాచోట్ల అలవాటుగా "తెలుగు" అని నిండిపోతుంది. ఇంటికి వెళ్ళి అవ్వతో మాట్లాడితే తప్ప నిజం తెలియదు. రెండోది, ఒకే భాష మాట్లాడే పిల్లలను పాఠం మధ్యలో ఐదు నిమిషాలు తమ భాషలో మాట్లాడుకోనివ్వడం. తరగతిలో అల్లరిలా కనిపించే ఆ ఐదు నిమిషాల్లోనే చాలామందికి పాఠం అర్థమవుతుంది. దాన్ని భరించే ధైర్యం కూడా శిక్షణలోనే రావాలి, ఎందుకంటే తనిఖీకి వచ్చిన అధికారి ముందు అదే టెన్షన్. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రెండు భాషలూ వచ్చిన ఒక పాపను రోజంతా అనువాదకురాలిగా వాడుకోవడం చాలా బడుల్లో కనిపిస్తుంది. పక్కవాళ్ళకు చెప్పడంలో ఆ పాప చదువు వెనకబడిపోతుంది. మెచ్చుకుంటున్నామనుకుంటూనే ఆమె సమయం తీసుకుంటున్నాం.

మూడోది శిక్షణ కాలేజీల్లో జరగాలి. ఏజెన్సీకి దగ్గర్లో ఉన్న డైట్‌లలో (జిల్లా టీచర్ శిక్షణ సంస్థల్లో) టీచర్ శిక్షణ పొందుతున్న ఛాత్రోపాధ్యాయులకు ఇంటర్న్‌షిప్‌లో ఒక స్థానిక భాష కొన్ని నెలలు నేర్పాలి. నేర్పేది గూడెంలోని పెద్దమనిషి కావాలి, గౌరవ వేతనంతో. తెలుగు వాళ్ళు "ణ" పలికినంత తేలిగ్గా సవర పిల్లలు గొంతులో టక్కున ఆపి పలికే ధ్వనిని పలకడానికి టీచర్‌కు వారం పడుతుంది. ఆ వారం రోజులు టీచరే ఒకటో తరగతిలో కూర్చున్నట్టుంటుంది, నవ్వులతో సహా. పాఠ్య పథకాల రికార్డుతో పాటు ఇంకో చిన్న రికార్డు పెట్టించవచ్చు. పిల్లలు తెలుగులో మాట్లాడిన పది వాక్యాలు, పలికింది పలికినట్టే, సరిదిద్దకుండా రాయాలి. ఒక్కో వాక్యం కింద అదే మాటను ఆ పిల్ల ఇంటి భాషలో ఎలా అంటారో అడిగి రాయాలి. దాని కింద, రెండింటికీ తేడా ఎక్కడుందో ఒక్క లైను. పది వాక్యాలకు ఒక నెల పడుతుంది. "ఆడోళ్ళు వచ్చాయి" అనే వాక్యం ఎక్కడో ఒక రికార్డులో తప్పకుండా వస్తుంది. దాని కింద ఆ టీచర్ రాసే లైనుకే మార్కులు వెయ్యాలి.